ఏఎఫ్‌డీ ఓడిపోయిందిగా, ఇంక టెన్షన్ లేదా?

2025 ఫిబ్రవరి 23 రాత్రి, జర్మనీ ఎన్నికల ఫలితాలు వస్తున్నంతసేపూ నా ఫోన్ మోగుతూనే ఉంది. "అక్కా, ఏఎఫ్‌డీ వచ్చేస్తే మమ్మల్ని పంపించేస్తారా?" అని జర్మనీలో ఉన్న మన పిల్లల కంగారు. ఏఎఫ్‌డీ అంటే వలసలను వ్యతిరేకించే జర్మన్ పార్టీ. తెల్లారేసరికి వాళ్లే "హమ్మయ్య, ఓడిపోయారు" అన్నారు. ఇక్కడ యూరప్ రాజకీయాలు పాఠం చెప్పడం నా పని. ఆ భయం నాకు అర్థమవుతుంది. ఆ హమ్మయ్యతోనే నా బాధంతా.

అపోహ: గెలవలేదు కాబట్టి వాళ్ల వల్ల ఏమీ కాదు.

వాస్తవం: ఏఎఫ్‌డీకి 20.8 శాతం ఓట్లొచ్చాయి, 2021తో పోలిస్తే రెట్టింపు. 2013లో ఆ పార్టీ పుట్టినప్పుడు గొడవంతా యూరో గురించి, గ్రీసు అప్పుల గురించి. 2015లో శరణార్థులు వచ్చాక వలసల మీదకు మళ్లింది. కారణం మారినా పార్టీ నిలిచింది. మిగతావాళ్లు పొత్తుకు ఒప్పుకోకపోవడంతో ప్రతిపక్షంలో కూర్చుంది. కానీ పోయిన ఓట్లు వెనక్కి రావాలని పాత పార్టీలే వలసల మీద గట్టిపడ్డాయి. మూడేళ్లకే పౌరసత్వం ఇచ్చే వెసులుబాటు 2024 జూన్‌లో వచ్చింది. 2025 అక్టోబరులో రద్దయింది. రద్దు చేసిన ప్రభుత్వంలో ఏఎఫ్‌డీ మంత్రి ఒక్కరూ లేరు.

నాకు తెలిసిన గుంటూరు అమ్మాయి ఆ పౌరసత్వం కోసమే జర్మన్ భాషలో పై స్థాయి పరీక్ష సీ1 పాసైంది. వాళ్లింట్లో ఫ్రిజ్ మీద, అల్మరా మీద, చివరికి బియ్యం డబ్బా మీద కూడా జర్మన్ పదాల చీటీలే. అప్లై చేయమ్మా అంటే "వాళ్లు ఓడిపోయారుగా, తొందరేముంది" అంది. అప్పుడే పెట్టి ఉంటే వచ్చి తీరేదని చెప్పను. ప్రయత్నమన్నా చేసినట్టుండేది. నవంబరులో వెళ్లినప్పుడు ఆ చీటీలు అలాగే ఉన్నాయి. చూడలేకపోయాను.

అపోహ: మొదటి స్థానం వస్తే గద్దె వాళ్లదే.

కాదు. 2023లో నెదర్లాండ్స్‌లో 150 సీట్లకు 37 తెచ్చుకుని ముందు నిలిచిన వలసల వ్యతిరేక పార్టీ నేత విల్డర్స్ ప్రధాని కాలేదు. 2024లో ఆస్ట్రియాలో అలాంటి పార్టీయే అయిన ఎఫ్‌పీఓ మొదటి స్థానంలో వచ్చినా వేరే మూడు పార్టీలు కలిసి ప్రభుత్వం పెట్టుకున్నాయి.

అపోహ: ఇలాంటి పార్టీలవాళ్లంతా బ్రిటన్ లాగే ఈయూ (యూరోపియన్ యూనియన్) వదిలేస్తారు, మనకు తలుపులు మూసేస్తారు.

2017లో యూరో వద్దన్న ఫ్రాన్స్ నేత మరీన్ లె పెన్ తర్వాత ఆ మాటే మానేశారు. అదే బాటలో వచ్చిన మెలోనీ ప్రధాని అయ్యాక కూడా ఇటలీ ఈయూలోనే ఉంది. పైగా ఆమె ప్రభుత్వం 2023-25కి 4.52 లక్షల వర్క్ పర్మిట్ల కోటా ప్రకటించింది. యూట్యూబ్ థంబ్‌నెయిళ్లు మీకు ఇది చెప్పవు.

ఫోన్ చేసే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒకటే. ఎన్నికల రాత్రి సీట్ల లెక్కతో ఆగిపోకండి. ఆ తర్వాత ప్రభుత్వం పెట్టే పార్టీలు రాసుకునే పొత్తు ఒప్పందం పిల్లల చేత చదివించండి. మూడేళ్ల పౌరసత్వం తీసేస్తామని 2025 ఏప్రిల్ ఒప్పందంలోనే రాసి ఉంది.