చీకటి నీళ్లలో దిగి చర్చిని నిలబెట్టినాయన

చిట్టితల్లికీ బుజ్జిగాడికీ,

నిన్న మీ పిన్ని నన్ను ఇంగ్లండ్‌లోని వించెస్టర్ ఊరు తీసుకెళ్లింది. అక్కడ బిషప్ పీఠం ఉండే పెద్ద చర్చి ఉంది, కేథడ్రల్ అంటారు, 1079లో కట్టడం మొదలుపెట్టారు. పైకప్పు చూసీ చూసీ నా మెడ పట్టేసింది. పడమటి వైపు పెద్ద అద్దాల కిటికీని 1642లో సైనికులు పగలగొడితే, తర్వాత జనం ఆ ముక్కలన్నీ ఏరి, ఏది ఎక్కడిదో తెలియక ఎలా పడితే అలా అతికించేశారట, ఒక్క బొమ్మ కూడా కుదురుగా కనబడదు. నాకు మాత్రం అదే బాగుంది.

కానీ మీకు చెప్పాలనుకున్నది విలియం వాకర్ గురించి. ఆ చర్చి ఏటి పక్కన, చెమ్మ నేల మీద ఉంది. తూర్పు భాగాన్ని 1200 ప్రాంతంలో పెంచినప్పుడు మెత్తటి నేల మీద బీచ్ చెట్ల దుంగలు పరిచి, వాటి మీదే గోడలు లేపారు. ఏడొందల ఏళ్లు ఎలాగో లాగింది. 1905 నాటికి గోడలు కుంగి, గుడ్లగూబలు దూరేంత పగుళ్లు వచ్చాయట!

పునాది కింద తవ్వితే గుంటలోకి నీళ్లు ఉబికొచ్చేశాయి. మన ఊళ్లో బావి పూడిక తీసేవాళ్లలా ముందు నీళ్లు తోడేయొచ్చుగా అంటారేమో, తోడితే నీళ్లతోపాటు మట్టి కూడా వచ్చేసి గోడ కూలుతుందని భయం. అందుకని ఓడరేవుల్లో నీళ్లడుగున పనిచేసే డైవర్‌ని, ఈ వాకర్‌ని, పిలిపించారు. 1906 నుంచి 1911 దాకా రోజుకి ఆరు గంటలు, ఒక్కోచోట ఆరు మీటర్ల లోతున పనిచేశాడు. నీళ్లు ఎంత నల్లగా ఉండేవంటే దీపం పెట్టినా లాభం లేదు, అంతా చేత్తో తడిమి చేయడమే. అడుగున కాంక్రీటు బస్తాలు పేర్చి నీళ్లు ఊరకుండా మూసేసేవాడు, అప్పుడు నీళ్లు తోడేసి మేస్త్రీలు దిగి పైన ఇటుకలు కట్టేవాళ్లు. అలా 25,000కు పైగా బస్తాలు, 9 లక్షల ఇటుకలు పట్టాయి. డైవర్లు వేసుకునే ఆ బరువైన సూటు విప్పడం పెద్ద తతంగం కాబట్టి మధ్యాహ్నం తలమీది టోపీ ఒక్కటే తీసి, సూటులోనే కూర్చుని భోంచేసి, పైపు కాల్చుకునేవాడట (పైపు సంగతి మీకు అనవసరం).

అంత చేసిన మనిషికి విగ్రహం పెడితే, పొరపాటున ఆ పనికి ఇంజినీరైన ఫ్రాన్సిస్ ఫాక్స్ మొహం చెక్కారు! 2001లో గానీ అసలు వాకర్ మొహంతో ఇంకోటి పెట్టలేదు.

వానలెక్కువైతే చర్చి కింది నేలగదిలోకి ఇప్పటికీ నీళ్లొస్తాయి. అక్కడ ఆంటొనీ గోర్మ్‌లీ అనే శిల్పి చేసిన లోహపు మనిషి బొమ్మ ఒకటి, దోసిలి చూసుకుంటూ నిలబడి ఉంటుంది. మేం వెళ్లినప్పుడు నేలంతా పొడిగా ఉంది. నీళ్లున్నప్పుడు చూడాలని పిన్నితో అంటే, చలికాలంలో నీ మోకాళ్లు ఊరుకుంటాయా నాన్నా అంది.

మీ తాతయ్య