తొట్టికి కన్నం పడితే: చెన్నై వానల్లో కండెన్సర్ మైకు

వడపళనిలో ఉండే ఒకావిడ అడిగారు. ఇంట్లో కీర్తనలు రికార్డు చేసుకోడానికి మూడు వేలు పెట్టి కండెన్సర్ మైకు కొన్నారట, ఎండాకాలమంతా చక్కగా పనిచేసిందట, అక్టోబరులో వానలు పట్టుకోగానే పోపులో ఆవాలు పేలినట్టు ఒకటే చిటపటలు. తెలిసినవాళ్ళు లోపలి కెపాసిటర్లన్నీ ఖరీదైనవి వేయించమన్నారు, వేయించనా అని ప్రశ్న. వద్దండీ, ముందు కడిగి చూడండి.

కండెన్సర్ మైకంటే నాకు చచ్చేంత ఇష్టం, ఎందుకంటే ఇంటర్‌లో మనం బట్టీపట్టి వదిలేసిన 'క్యూ ఈక్వల్స్ సీవీ' (చార్జి అంటే కెపాసిటెన్స్ ఇంటూ వోల్టేజి) అందులో బతికి ఉంటుంది. ఆ సూత్రం చెప్పేటప్పుడు ఒక్క మాస్టారైనా క్లాసులోకి మైకు తెచ్చి విప్పి చూపిస్తే పిల్లలు జన్మలో మర్చిపోరు. లోపల 6 మైక్రాన్ల మందం ఉండే ప్లాస్టిక్ పొర, దానిమీద బంగారు పూత. దాని వెనక చిల్లులున్న ఇత్తడి పలక. రెండింటి మధ్య సందు వెంట్రుక మందం కూడా ఉండదు. చార్జి దాచుకునే ఈ జంటే ఒక కెపాసిటరు (పాత పేరు కండెన్సర్), మైకుల భాషలో క్యాప్సూల్.

దీన్ని నీళ్ళ తొట్టి అనుకోండి. నీళ్ళంటే చార్జి, తొట్టి వెడల్పంటే కెపాసిటెన్స్, నీటిమట్టమంటే వోల్టేజి. తొట్టికి రబ్బరు గోడలు. మీరు 'స' అనగానే పొర పలకకి దగ్గరవుతుంది, కెపాసిటెన్స్ పెరుగుతుంది, అంటే తొట్టి వెడల్పయి మట్టం దిగుతుంది. పొర వెనక్కి పోతే తొట్టి ఇరుకయి మట్టం లేస్తుంది. నీళ్ళు అవే, మట్టం మాత్రం మీ గొంతుతో పాటు ఊగుతుంది. ఆ ఊగడమే సిగ్నల్.

మరి తొట్టిలోకి నీళ్ళెక్కడివి? పక్కనే 60 వోల్టుల ట్యాంకు ఉంది, సన్నటి గొట్టంతో తొట్టికి కలిపారు. ఆ గొట్టమే 1 గిగా ఓమ్ రెసిస్టరు, వంద కోట్ల ఓములు. గొట్టం లావుగా ఉంటే మట్టం ఊగీ ఊగకముందే నీళ్ళు అటూ ఇటూ పారి సర్దుకుంటాయి, పాట ట్యాంకులో కలిసిపోతుంది. క్యాప్సూల్ 60 పికోఫారడ్లనుకుంటే ఈ గొట్టంలోంచి నీళ్ళు సర్దుకోడానికి 60 మిల్లీసెకన్లు పడుతుంది, 100 హెర్ట్జ్ శబ్దం ఒక ఊపు ఊగడానికి 10 చాలు. గొట్టం అందుకోలేదు కాబట్టే మట్టం స్వేచ్ఛగా ఊగుతుంది.

ఇక్కడే నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది. ఏ రెసిస్టరులోనైనా వేడి వల్ల ఎలక్ట్రాన్లు కుదురుగా ఉండవు, అదే హిస్, వెనకాల వినపడే బుస్సుమనే రొద. పెద్ద రెసిస్టరుకి హిస్ ఎక్కువని అందరూ అనుకుంటారు, ఈ తొట్టి దగ్గర అది తిరగబడుతుంది. 60 పికోఫారడ్ల తొట్టిలో మొత్తం అలజడి దాదాపు 8 మైక్రోవోల్టులు, రెసిస్టరు ఎంతదైనా అంతే. గొట్టం సన్నబడేకొద్దీ ఆ అలజడి నెమ్మదిస్తుంది, 3 హెర్ట్జ్ కిందకి, మన చెవికి అందని చోటికి జారిపోతుంది. 1 గిగా ఓమ్ అయితే మన చెవి వినగలిగే 20 హెర్ట్జ్ పైన మిగిలేది 2.4 మైక్రోవోల్టులే. అదే 100 మెగా ఓములైతే 6.4. లెక్క కట్టుకుని మొదటిసారి చూసినప్పుడు ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఇప్పుడు చెన్నై వాన సంగతి. బోర్డు మీద సోల్డరింగ్ అప్పుడు మిగిలిపోయిన ఫ్లక్స్, ఎవరిదో వేలిముద్ర, దానిమీద తేమ. తొట్టికి కన్నం పడినట్టే. ఆ కన్నం 100 మెగా ఓములనుకోండి, మామూలు సర్క్యూట్లో పట్టించుకోనక్కర్లేనంత చిన్నది, కానీ వచ్చే గొట్టం దానికన్నా పది రెట్లు సన్నం. అందుకని 60 వోల్టులు ఐదున్నరకి పడిపోతాయి, గొంతు పదకొండో వంతుకి తగ్గుతుంది. పైగా కారడం ఒక తీరుగా ఉండదు, ఆగి ఆగి కారుతుంది. ఆ చిటపట అదే.

బియ్యం డబ్బాలో పెట్టమని చాలామంది చెబుతారు. దయచేసి పెట్టకండి. చార్జి ఉన్న పొర దుమ్ముని లాక్కుంటుంది, బియ్యప్పిండి అంటుకుంటే ఇక వదలదు. ఫాంటమ్ పవర్ (కేబులు ద్వారానే మైకుకి వచ్చే కరెంటు) తీసేసి, కాసేపాగి, విప్పి, గిగా ఓమ్ రెసిస్టరు చుట్టూ, ఎఫ్ఈటీ (క్యాప్సూల్ సిగ్నల్‌ని అందుకునే ట్రాన్సిస్టరు) చుట్టూ 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తటి బ్రష్ పెట్టి కడగండి. బంగారు పొర జోలికి మాత్రం అస్సలు వెళ్ళొద్దు. కడిగాక వేలు తగలనివ్వొద్దు. కొన్ని మంచి మైకుల్లో ఎఫ్ఈటీ గేటు కాలు, అంటే సిగ్నల్ లోపలికి వెళ్ళే కాలు, బోర్డుకి తగలకుండా గాల్లోనే సోల్డర్ చేసి ఉంటుంది, మీరూ అలా లేపి పెట్టుకోవచ్చు. తర్వాత సిలికా జెల్ పొట్లాలు వేసిన స్టీలు డబ్బాలో దాచుకోండి.

కడిగాక కూడా 'స', 'శ' చెవిలో గుచ్చుకుంటే అది వేరే జబ్బు. 1960లో వచ్చిన జర్మన్ మైకు నోయ్‌మన్ యూ67 లోపలి క్యాప్సూల్ హెచ్చు స్వరాలని ఎత్తి పలుకుతుంది, దాని యాంప్లిఫయరే మళ్ళీ దించుతుంది. చవక మైకులు చాలావాటిలో ఆ క్యాప్సూల్ నమూనా ఉంటుంది, దించే ఏర్పాటు ఉండదు. దాన్ని ఒక చిన్న కెపాసిటరుతో సరిచేయచ్చు, నా దృష్టిలో డబ్బు పెట్టదగ్గ మార్పు అదొక్కటే. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో దొరికే సామానుతో అయిపోతుంది. వంద గంటలు ఆన్‌లో ఉంచితే మైకు 'పండుతుంది' అనే మాట నమ్మకండి, పండేది మన చెవి, అలవాటు పడి.

మార్పు నిజంగా పనిచేసిందా అని చూడాలంటే ఒకే రకం మైకులు రెండు కావాలి, ఒకటి ముట్టుకోకుండా ఉంచాలి. రెండూ పక్కపక్కనే పెట్టి, ఒకే పాటని ఒకేసారి రికార్డు చేసి, వాల్యూమ్ సమానం చేసి, ఏది ఏదో చెప్పకుండా ఇంట్లోవాళ్ళని వినిపించమనాలి. కాస్త గట్టిగా వినపడేదే మనకి బాగున్నట్టు తోస్తుంది, అందుకే వాల్యూమ్ విషయంలో ఇంత పట్టుదల.

ఆవిడ ఆదివారం కడిగి, సోమవారం వానలో కిటికీలు వేసుకుని, పాడకుండా ఐదు నిమిషాల నిశ్శబ్దం రికార్డు చేసి పంపారు. హెడ్‌ఫోన్ పెట్టుకుని మొత్తం విన్నాను. చిటపట లేదు. నాలుగో నిమిషంలో పక్కింటి కుక్కర్ మూడు విజిల్స్ వేసింది.