స్లాట్ కారు కిట్ల అందం: అపోహలు – వాస్తవాలు

తిరుపతిలో ఉంటూ స్లాట్ కార్ల కిట్లు కట్టి, రంగులు వేసి ఇచ్చే పని చేస్తున్నాను. ఈ అభిరుచిలోకి కొత్తగా వచ్చినవారు నా దగ్గరకు తెచ్చే సందేహాల్లో చాలావరకు షోకేసులో పెట్టే మోడళ్ల గురించి ఎక్కడో విన్న సలహాల నుంచి పుట్టినవే. స్లాట్ కారు షోకేసు బొమ్మ కాదు, గాడి ఉన్న ట్రాక్ మీద పరుగెత్తే చిన్న విద్యుత్తు కారు. దాని ముందుభాగం కింద ఉండే గైడ్ అనే చిన్న రెక్క ట్రాక్ గాడిలోకి దిగుతుంది. గాడికి ఇరువైపులా ఉన్న లోహపు పట్టీల నుంచి బ్రెయిడ్ అనే రాగి అల్లిక తీగ విద్యుత్తును అందుకొని మోటారుకు చేరుస్తుంది. 1957లో బ్రిటన్‌లో ఫ్రెడ్ ఫ్రాన్సిస్‌కు చెందిన మినీమోడల్స్ సంస్థ స్కేలెక్‌స్ట్రిక్ పేరుతో ఇటువంటి కార్లను బజారులోకి తెచ్చినప్పుడు వాటివి రేకు బాడీలు. 1960 నుంచి ప్లాస్టిక్ బాడీలు వచ్చాకే సూక్ష్మమైన వివరాలకు చోటు దొరికింది. మలుపులో జారి, అంచు గోడకు తగిలి, బోల్తా పడి, మళ్లీ పరుగెత్తవలసిన వస్తువుకు చేసే అలంకరణ, ఆ పరుగును దృష్టిలో పెట్టుకొనే చేయాలి.

అపోహ: అందమంతా రంగులోనే ఉంటుంది.

నన్ను అడిగితే రంగుది రెండో స్థానమే. కారును రెండడుగుల దూరం నుంచి చూసినప్పుడు కంటికి మొదట తగిలేది అది నిలబడిన తీరు: చక్రాల పైనున్న కమాను అంచుకూ టైరుకూ మధ్య ఎంత ఖాళీ ఉంది, ముందుభాగం వెనుకభాగం కన్నా పైకి లేచి ఉందా, టైర్లు బాడీలోకి మరీ లోపలికి ముడుచుకొని ఉన్నాయా అన్నవి. ఈ మూడూ సరిగా లేని కారుకు ఎంత నిగనిగలాడే రంగు వేసినా అది బొమ్మలాగే కనిపిస్తుంది. అందుకే ప్రైమర్ డబ్బా మూత తీయకముందే బాడీని చాసిస్ మీద కూర్చోబెట్టి, చక్రాలు తొడిగి, చదునైన అద్దం మీద పెట్టి పక్కనుంచి చూడాలి. 1960ల నాటి కారుకు ఈనాటి వెడల్పాటి టైర్లు తొడిగితే పట్టు పెరగవచ్చు గానీ, ఆ కాలపు కార్లు తెలిసినవారికి అది వెంటనే ఎబ్బెట్టుగా తోస్తుంది. టైర్ల మెరుపు మరో చిక్కు. అచ్చు నుంచి వచ్చిన రబ్బరుకు ఉండే నునుపైన మెరుపును సన్నని వాటర్ పేపరుతో రుద్ది తీసేస్తే అది నిజమైన టైరులా మసకబారుతుంది. వెనుక టైర్లను మోటారు తిరుగుతుండగా గరుకు కాగితానికి ఆనించి అరగదీస్తే అవి గుండ్రంగా సరై, ఎగరకుండా పరుగెత్తుతాయి. ఆ ఒక్క పనితో అందమూ వేగమూ రెండూ బాగుపడతాయి. ముందు టైర్లకు పట్టు అక్కరలేదు కాబట్టి వాటి అంచున రంగులేని గోళ్ల రంగు పల్చగా పూసి గట్టిపరచడం చాలామంది పాటించే పద్ధతి.

అపోహ: రంగు ఎన్ని పూతలు పడితే అంత నిండుదనం.

ఇక్కడ కొద్దిగా లెక్క చూడాలి. 1/32 స్కేలులో, అంటే అసలు కారులో 32వ వంతు కొలతలో, మన అంబాసిడర్ కారు సుమారు 13.5 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. ఆ స్కేలులో 0.1 మిల్లీమీటరు మందాన రంగు పడితే, అది అసలు కారు మీద 3.2 మిల్లీమీటర్ల పూత పడినట్లే లెక్క. అసలు కారులో తలుపుకూ బాడీకూ మధ్య 4 మిల్లీమీటర్ల సందు ఉంటే మోడల్‌లో అది 0.125 మిల్లీమీటరు మాత్రమే కావాలి. అంత సన్నని గీతను అచ్చులో తీయడం కష్టం కాబట్టి తయారీదారులు దాన్ని కొంత వెడల్పుగానే ఉంచుతారు. అయినా నాలుగైదు మందపాటి పూతలు పడేసరికి ఆ గీతలు పూడిపోయి, తలుపులు బాడీలో కలిసిపోయి, కారు సబ్బు బిళ్లలా నున్నగా తయారవుతుంది. రంగు వేయకముందే ఆ గీతలను సూదిమొనతో ఒకసారి లోతు చేసి, ఆ తర్వాత పల్చని పూతలు వేసి, చివర క్లియర్ కోట్ అనే పారదర్శక పూత ఆరాక బాగా పల్చన చేసిన నలుపు ఎనామెల్‌ను కుంచె మొనతో గీతకు తాకిస్తే, అది తానే గీత వెంట పారుతుంది. బయటికి వచ్చిన మరకను టర్పెంటైన్ అద్దిన గుడ్డతో తుడిచేయవచ్చు. అయితే అడుగున ఉన్న పూత అక్రిలిక్ అయి ఉండాలి. ఎనామెల్ మీద ఎనామెల్ గీస్తే తుడిచేటప్పుడు కింది రంగు కూడా లేచివస్తుంది.

అపోహ: కార్ల షెడ్డులో వాడే రంగే దీనికీ సరిపోతుంది.

ఇది మన ఊళ్లో బాగా పాతుకుపోయిన నమ్మకం, ఎందుకంటే ఏ షెడ్డుకు వెళ్లినా ఎన్.సి. పెయింటు (నైట్రోసెల్యులోజ్ లాకరు), థిన్నరు చవకగా దొరుకుతాయి. రేకుకు అది మంచిదే. కిట్ బాడీ మాత్రం పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్. థిన్నరులోని ఘాటైన ద్రావకాలు దాన్ని కరిగిస్తాయి. తడిగా ఒక పూత పడగానే ఉపరితలం సన్నగా చిట్లి, తలుపు పిడి వంటి చిన్న వివరాలు మెత్తబడి గుండ్రపడతాయి. ప్లాస్టిక్ కోసం చేసిన ప్రైమర్‌ను ముందు వేసి, ఆ పైన లాకరును మంచులా పొడిపొడిగా రెండు మూడు సార్లు చల్లితే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. ఆరీ ఆరని ఎనామెల్ మీద మాత్రం లాకరు ఎన్నడూ వేయరాదు. అది కింది పూతను ముడతలు పడేలా చేస్తుంది.

దీనికి తోడు వాతావరణం. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు మనకు వాన తెచ్చే రోజుల్లో లాకరు చల్లితే, ద్రావకం వేగంగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరచడం వల్ల గాలిలోని తేమ దాని మీద చేరి, ఎర్ర రంగు కూడా పాలు కలిపినట్లు తెల్లబారుతుంది. చాలామంది దీన్ని నాసిరకం రంగు అనుకుంటారు గానీ, తప్పు రంగుది కాదు. నెమ్మదిగా ఆరే రిటార్డర్ థిన్నరు కలిపితే కొంత ఉపశమనం ఉంటుంది. వాన వెలిసి గాలి పొడిబారేవరకు ఆగడం అంతకన్నా మేలు. మే నెల ఎండలో ఇబ్బంది మరో రకంగా ఉంటుంది: 40 డిగ్రీలు దాటిన వేడిలో రంగు తుంపర బాడీని చేరకముందే సగం ఆరిపోయి, తాకితే ఇసుకలా గరుకుగా తగులుతుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో మంచు విడిన తర్వాతి పూట తిరుపతిలో రంగు పనికి అన్నిటికన్నా అనుకూలం. స్ప్రే డబ్బాలను ఎండలో ఉంచకూడదని, ఈ పని గాలి ఆడే చోట ముసుగు ధరించి చేయాలని వేరే చెప్పనక్కరలేదు.

లెక్సాన్ అనే పారదర్శక పాలికార్బొనేట్ ప్లాస్టిక్ బాడీల విషయంలో పద్ధతి పూర్తిగా తలకిందులు. రంగు లోపలి వైపు వేయాలి కాబట్టి, బయటికి పైన కనిపించవలసినదే ముందు పడాలి: మొదట నల్ల గీతలు, అంకెలు, ఆ తర్వాత ముఖ్యమైన రంగు, అన్నిటి వెనుక తెలుపు. శ్రీకాళహస్తి కలంకారీలో నల్లని రూపురేఖలు ముందు గీసి తర్వాత రంగులు నింపే క్రమం తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు. పాలిస్టైరీన్‌కు వాడే మామూలు రంగు ఇక్కడ పనికిరాదు. బాడీ వంగిన ప్రతిసారీ అది పెచ్చులుగా రాలుతుంది. పాలికార్బొనేట్ కోసం చేసిన రంగే వాడాలి.

కిటికీ అద్దాలు అతికించడానికి ఫెవిక్విక్ తరహా జిగురు చాలునన్నది కూడా అపోహే. ఆ జిగురు ఆరేటప్పుడు వెలువడే ఆవిరి పారదర్శక ప్లాస్టిక్ మీద తెల్లని మసకగా పేరుకుంటుంది. ఆరాక పారదర్శకంగా మారే తెల్ల జిగురు వాడితే అద్దమూ బాగుంటుంది, పొరపాటు జరిగితే ఊడదీయడమూ తేలిక.

నీటిలో నానబెట్టి బాడీ మీద అతికించే అంకెలు, గుర్తుల పల్చని పొరను డెకాల్ అంటారు. దాని అంచున వెండి మెరుపు కనిపిస్తే డెకాల్ పాతబడిందని తీర్పు చెప్పేస్తుంటారు. ఎక్కువసార్లు అసలు కారణం గాలి. మెరుపులేని మ్యాట్ రంగు ఉపరితలాన్ని దగ్గర నుంచి చూస్తే కొండలూ లోయలూ ఉన్నట్లుంటుంది. నీటిలో నానిన డెకాల్ ఆ కొండల మీద పరుచుకున్నప్పుడు లోయల్లో గాలి చిక్కుకొని వెలుతురుకు మెరుస్తుంది. ముందు మెరిసే క్లియర్ కోట్ వేసి నునుపు చేసి, డెకాల్‌ను మెత్తబరిచే ద్రావణం పూసి, నీటిని మధ్య నుంచి అంచులకు దూదితో మెల్లగా నొక్కి తీస్తే ఆ మెరుపు రాదు. ద్రావణం పడగానే డెకాల్ ముడతలు పడుతుంది. కంగారుపడి వేలు పెట్టకూడదు, ఆరుతూ అదే సర్దుకుంటుంది. పైన క్లియర్ కోట్ తప్పనిసరి, ఎందుకంటే బోల్తా పడినప్పుడు ముందు గీరుకుపోయేవి ఈ అంకెలే.

అపోహ: వివరాలు ఎన్ని ఎక్కువైతే కారు అంత నిజంగా ఉంటుంది, పరుగుకు వచ్చిన నష్టమేమీ లేదు.

నష్టం ఉంది. 1/32 కారు మొత్తం బరువు సాధారణంగా 70 నుంచి 90 గ్రాముల మధ్య ఉంటుంది. పైభాగంలో చేరే ఐదు గ్రాములు కూడా మలుపులో కారును పల్టీ కొట్టిస్తాయి. షోకేసు కిట్‌లోని పూర్తి సీట్లు, డ్యాష్‌బోర్డు, మందపాటి నేల అలాగే దించితే మోటారుకు చోటు ఉండదు, బరువు కేంద్రమూ పైకి లేస్తుంది. అందుకే పల్చని ప్లాస్టిక్ రేకును వేడిచేసి అచ్చు తీసిన సగం లోతు ఇంటీరియర్ వాడతారు. మూసిన కారులో కిటికీ గుండా కనిపించేది డ్రైవరు హెల్మెట్టు, భుజాలు, స్టీరింగు మీది చేతులు మాత్రమే. ఆ మూడింటికి శ్రద్ధగా రంగు వేస్తే కాళ్లు లేవని ఎవరూ గమనించరు. వెనుక వచ్చేవాటిని చూపే పక్క అద్దాలను గట్టి ప్లాస్టిక్‌కు బదులు మెత్తని రబ్బరుతో చేసుకుంటే తగిలినా విరగవు. బరువు పెరిగినా కారు అడుగున ఉండే అయస్కాంతం ట్రాక్‌ను పట్టుకుంటుందిలే అనే వాదన ఇనుప పట్టీలున్న ప్లాస్టిక్ ట్రాక్ మీదనే చెల్లుతుంది. చెక్కలో గాడి తీసి రాగి టేపు అతికించిన ట్రాక్ మీద అయస్కాంతానికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

మురికి పట్టినట్లు చూపే పనిలోనూ ఇదే అత్యాశ కనిపిస్తుంది. రేసు కారుకు మట్టి, రబ్బరు నలుపు పట్టేది ముక్కు మీద, చక్రాల వెనుక. బాడీ అంతా సమానంగా గోధుమ రంగు పూస్తే అది రేసు నుంచి వచ్చిన కారులా కాక గోడౌన్‌లో మూలపడ్డ కారులా ఉంటుంది.

ఇక బాడీని చాసిస్‌కు ఎంత గట్టిగా బిగిస్తే అంత చక్కగా కూర్చుంటుందన్నదీ అపోహే. స్క్రూను పూర్తిగా బిగించి, తర్వాత అర చుట్టు వదులు చేయాలి. బాడీ కొద్దిగా కదిలే వీలుంటే మోటారు అదురు దానికి చేరదు, కారు మలుపుల్లో నిలకడగా పోతుంది. ఆ కదలికకు కూడా చోటు ఉండేలా కమాను లోపలి అంచును ముందే అరగదీసి ఉంచాలి. లేకపోతే టైరు ఆ అంచును రుద్దుకొని, రెండో ల్యాపుకే అక్కడి రంగు లేచిపోతుంది.