సూపర్‌మేన్ చుట్టూ చీమలు

సూపర్‌మేన్ అంటే మా తరానికి 1980లో ఎన్టీఆర్ వేసింది కూడా గుర్తొస్తుంది గానీ, పోయిన ఆదివారం మేం పెట్టింది 1978లో క్రిస్టొఫర్ రీవ్ వేసింది. 2018లో వచ్చిన 4కె డిస్క్. అమెరికా నుంచి వచ్చిన స్నేహితుడు తెచ్చిచ్చాడు. అరగంట ఓపిక పట్టాక మా మేనల్లుడు అడిగేశాడు.

‘‘మామయ్యా, 4కె అన్నావు. తెర మీద చీమలు పాకుతున్నాయేంటి? అదీ అతను ఎగిరినప్పుడే ఎక్కువ!’’

ఆ రెండో ముక్క విని వాణ్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది.

ఇంటర్ ప్రాక్టికల్స్‌లో క్లోరైడ్ పరీక్ష గుర్తుందా? సిల్వర్ నైట్రేట్ పోస్తే పెరుగు తరకల్లాంటి తెల్లటి అవక్షేపం వచ్చేది. రికార్డులో రాసి, సంతకం పెట్టించుకుని, సింకులో పారబోసేవాళ్లం. దాన్ని కాసేపు ఎండలో పెడితే నల్లబడుతుందని ఒక్క మేస్టారూ చూపించలేదు. ఫిల్ము పుట్టుక అంతా ఆ నల్లబడటంలోనే ఉంది. ఫిల్ము మీద ఉండేది ఎక్కువగా సిల్వర్ బ్రోమైడ్, సన్నటి రవ్వలా. కలర్ ఫిల్ములో చివరికి వెండిని కడిగేస్తారు, అదున్న చోట రంగు మరకలు మిగులుతాయి. అదే గ్రెయిన్. తర్వాతి ఫ్రేము వేరే ఫిల్ము ముక్క కాబట్టి అక్కడ రవ్వ ఇంకోలా పడి ఉంటుంది. సెకనుకు 24 సార్లు ఇలా మారిపోతుంటే చీమలు పాకినట్టే కనపడుతుంది.

మరి ఎగిరినప్పుడు? అప్పట్లో ఇలాంటి పనికి కంప్యూటర్లు వాడేవారు కాదు. ఆకాశాన్ని ముందే తీసి, దాన్ని తెర మీద వేసి, ముందు మనిషిని వేలాడదీసి మళ్లీ తీసేవారు. ట్రిక్ షాట్ల నిపుణుడు జోరాన్ పెరిసిక్ అయితే ప్రొజెక్టరుకీ కెమెరాకీ జూమ్ లెన్సులు బిగించి, రెండూ కలిసి జూమయ్యేలా చేశాడు. దాంతో మనిషి మన మీదికి దూసుకొచ్చినట్టు ఉంటుంది. కొన్ని షాట్లలో విడివిడి ఫిల్ములను ఒకదాని మీద ఒకటి పెట్టి కొత్త ఫిల్ము మీదకి ఎక్కించారు. ఎలా చేసినా ఫొటోకి ఫొటో తీయడమే. ప్రతిసారీ పాత రవ్వ మీద కొత్త రవ్వ పడుతుంది. పైగా కెమెరామన్ జెఫ్రీ అన్స్‌వర్త్‌కి బొమ్మ మెత్తగా, పొగమంచులో ఉన్నట్టుండటం ఇష్టం. సినిమా విడుదలకి ముందే ఆయన పోయాడు, సినిమా ఆయనకే అంకితమిచ్చారు. ఆ మెత్తదనం స్కానింగ్ లోపం కాదు, ఆయన చేతిగుణం.

ఇంకో విడ్డూరం. 2012 నాటి ‘అవెంజర్స్’ని 2కెలోనే, అంటే 4కెలో పావు వంతు చుక్కలతోనే పూర్తి చేశారు. దాని 4కె డిస్కంటే ఆ బొమ్మను సాగదీసిందే. నలభై ఏళ్లు దాటిన 35 ఎంఎం నెగటివ్‌ని మాత్రం నిజంగానే 4కెలో స్కాన్ చేయొచ్చు.

అసలు గొడవ రవ్వ ఇంటిదాకా రావడంలో ఉంది. 4కె ఫ్రేములో 83 లక్షల చుక్కలు, చుక్కకి 30 బిట్లు, సెకనుకి 24 ఫ్రేములు. అంటే సెకనుకి దాదాపు 600 కోట్ల బిట్లు. యాప్‌లో మనకి వచ్చేది ఓ రెండు కోట్లు! డిస్కులో ఎక్కువే గానీ అదీ 15 కోట్లు దాటదు. మిగతాది ఎలా మింగారు?

మా అమ్మ పాల లెక్క లాగా. రోజూ అర లీటరు. మామూలు రోజున క్యాలెండరు మీద ఏమీ రాయదు. చుట్టాలొస్తే ‘1’, ఊరెళితే సున్నా. వీడియో కుదింపు కూడా అంతే, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఉంటేనే రాస్తుంది. కెమెరా పక్కకి తిరిగితే? మూడో వాటా వాళ్లు రెండో వాటాలోకి మారారు, ‘లెక్క అదే, ఇల్లు మారింది’ అని ఒక్క ముక్క రాస్తే చాలు. ఇప్పుడు ఒక్కరోజూ ముందురోజులా పాలు పోయించుకోని ఇంటిని ఊహించండి. ప్రతి గడిలో ఏదో ఒకటి రాయాల్సిందే. గ్రెయిన్ ఆ ఇల్లు. రాసే చోటు తక్కువైనప్పుడు గుమాస్తా విసుగొచ్చి ‘అందరికీ సుమారు అర లీటరు’ అని కొట్టేస్తాడు. అప్పుడే మొహాలు మైనం బొమ్మల్లా అవుతాయి. రవ్వతో పాటు చర్మం మీది గరుకు, బట్ట నేత కూడా పోతాయి.

2018లో వచ్చిన ఏవీ1 అనే కుదింపు పద్ధతి మరీ గడుసుది. ముందే రవ్వను జల్లించేసి, ‘సగటున అర లీటరు, ఛటాకు అటూ ఇటూ’ అని మాత్రం పంపుతుంది. మన టీవీ పాచికలు వేసి రోజువారీ అంకెలు తనే పుట్టిస్తుంది. నెల బిల్లు సరిపోతుంది, ఒక్కరోజు లెక్కా నిజం కాదు! కళ్లకి మాత్రం తేడా దొరకదు.

సౌండుదీ ఇదే కథ. అయస్కాంత టేపు మీద కూడా రవ్వే ఉంటుంది, అది చెవికి ‘స్‌స్‌’మని వినిపిస్తుంది. దాన్ని గట్టిగా తుడిచేస్తే తాళాల గలగల, మాటల్లోని ‘స’కారం కూడా పోతాయి. ఈ డిస్కులో సౌండుని అట్మాస్‌లోకి, అంటే నెత్తి మీంచి కూడా వినపడే పద్ధతిలోకి మార్చారు, కానీ టీవీ అడుగున నేలకేసి చూసే స్పీకర్లతో హెలికాప్టరు నెత్తి మీదికి ఎక్కడొస్తుంది? ఒక చిన్న సౌండ్‌బార్ పెట్టినా మాటలు తేరుకుంటాయి. బంగారు పూత హెచ్‌డీఎంఐ కేబుల్ మాత్రం కొనకండి, నేను కొన్నాను. అది తాయెత్తు. పోయేవి ఒకట్లు, సున్నాలు. చేరితే చేరతాయి, లేకపోతే తెర మీద మెరుపులు కొట్టి మరీ చెబుతాయి.

టీవీ సెట్టింగుల్లోకి వెళ్లి షార్ప్‌నెస్ తగ్గించి, నాయిస్ రిడక్షన్, మోషన్ స్మూతింగ్ ఆపేసి మళ్లీ పెట్టాను. రీవ్ ఛాతీ మీద బట్ట నేత తేలింది. చీమలూ ఉన్నాయి. అతికించిన షాటులో రవ్వ మొదటి ఫ్రేము నుంచే ఎక్కువ ఉంటుంది, ఏమీ జరగకముందే. పావుగంటలో మావాడు అది పట్టేశాడు.

‘‘మామయ్యా, చీమలు పెరిగాయి. ఇప్పుడు ఎగురుతాడు చూడు.’’

ఎగిరాడు.