కాంకున్ తీరం ఎందుకు ఖాళీగా ఉండేది

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు లాంగ్ వీకెండ్ అనగానే గుర్తొచ్చే పేర్లలో మెక్సికోలోని కాంకున్ ఒకటి. డాలస్ నుంచో హ్యూస్టన్ నుంచో నేరుగా విమానం ఉంటుంది. అమెరికా వీసా చెల్లుబాటులో ఉన్న భారతీయులకు మెక్సికో వీసా విడిగా అక్కర్లేదు. రెండు రోజులు సముద్రం, ఒక రోజు చిచెన్ ఇట్సా పిరమిడ్, ఒక పూట తులుమ్ శిథిలాలు, దారిలో ఏదో ఒక సెనోటే అనే సహజమైన బావిలో ఈత: దాదాపు అందరి యాత్రా ఇలాగే సాగుతుంది. ప్రతి మజిలీలోనూ మాయా అన్న ఇక్కడి ఆదివాసుల పేరు వినిపిస్తూనే ఉంటుంది గాని, ఆ పేరు పర్యాటకుణ్ణి వెయ్యేళ్ల వెనక్కు తీసుకెళ్లి అక్కడే వదిలేస్తుంది. నూట పాతికేళ్ల కిందటి వరకూ ఈ తీరం వెనకున్న అడవుల్లో మాయా ప్రజలు స్వతంత్రంగా పాలన సాగించారన్న సంగతి టూర్ ప్యాకేజీల్లో అరుదుగా వినబడుతుంది. కాంకున్‌ను నిర్మానుష్యమైన ఇసుక దిబ్బ మీద వెలసిన నగరంగా చెప్పుకోవడం పరిపాటి. ఆ దిబ్బ నిర్మానుష్యం కావడానికి మాత్రం ఒక చరిత్ర ఉంది.

కాంకున్ ఉన్న యుకటాన్ ద్వీపకల్పం మొత్తం ఒక పెద్ద సున్నపురాయి పలక. దాని ఉత్తర భాగంలో నేల మీద పారే నదులు లేనట్టే. కురిసిన వాన రాతిలోకి ఇంకి, భూగర్భ గుహల్లో పారుతుంది. గుహ పైకప్పు కూలిన చోట ఏర్పడిన సహజమైన బావులే సెనోటేలు. 6.6 కోట్ల సంవత్సరాల కిందట చిక్షులూబ్ దగ్గర పడిన గ్రహశకలం చేసిన గుంత అంచు వెంబడి ఇవి వలయాకారంలో కనిపిస్తాయి. ఈతకు దిగేముందు ఒంటికి రాసుకున్న సన్‌స్క్రీన్ కడుక్కోమని అక్కడివాళ్లు పట్టుబట్టేది ఊరికే కాదు, ఈ ప్రాంతానికి తాగునీరు ఆ భూగర్భ జలాలే. మాయా నగరాలు వెలసింది కూడా నీటి జాడ చూసుకునే. చిచెన్ ఇట్సాలోని పవిత్ర సెనోటేలో పచ్చరాళ్లు, బంగారు వస్తువులు, మనుషుల ఎముకలు దొరికాయి. ఆ స్థలం ఉన్న ఎస్టేటును కొనుక్కున్న అమెరికన్ ఎడ్వర్డ్ థాంప్సన్ 1904 నుంచి బావి అడుగును తోడించి, దొరికిన వాటిలో చాలా భాగాన్ని హార్వర్డ్‌లోని పీబాడీ మ్యూజియానికి చేర్చాడు. వాటిలో కొన్ని దశాబ్దాల తర్వాత తిరిగొచ్చాయి. పిరమిడ్‌కు నాలుగు వైపులా తొంభై ఒక్కటి చొప్పున మెట్లు, పైన వేదిక ఇంకొకటి, కలిపితే సంవత్సరంలోని 365 రోజులు. ఇప్పుడు ఆ మెట్లు ఎక్కనివ్వరు, కింద నిలబడి లెక్కపెట్టుకోవాల్సిందే.

సముద్రపు ఒడ్డున కొండచరియ మీదున్న తులుమ్ చాలా ఆలస్యంగా, 13 నుంచి 15వ శతాబ్దాల మధ్య, వర్తక రేవుగా వృద్ధిలోకి వచ్చింది. మూడు వైపులా రాతి గోడ, నాలుగో వైపు కడలి. ఎదురుగా ఉన్న కోజుమెల్ దీవికి ఇష్‌చెల్ అనే దేవతను కొలవడానికి యాత్రికులు పడవల్లో వెళ్లేవారు. ఇప్పుడు అదే సముద్రాన్ని ఫెర్రీలో దాటి పగడపు దిబ్బల దగ్గర స్నార్కెలింగ్ చేస్తున్నారు. 1518లో స్పెయిన్ నౌకలు ఈ తీరం వెంట సాగాయి, మరుసటి ఏడాది మెక్సికోను జయించబోయే స్పెయిన్ సేనాని కోర్తెస్ కోజుమెల్‌లో దిగాడు. కొత్త రోగాలకు తీరం సగం ఖాళీ అయింది. 1562లో మనీ పట్టణంలో దియేగో దె లాందా అనే మతాధికారి మాయా గ్రంథాలను కాల్పించాడు. ఈనాటికి మిగిలినవి నాలుగంటే నాలుగు. అయినా స్పెయిన్ పాలన గట్టిగా నిలదొక్కుకున్నది మెరిదా నగరం ఉన్న పడమటి వైపే, తూర్పు అడవులపై దాని పట్టు చివరిదాకా అంతంతమాత్రమే.

ఇక్కడినుంచే అసలు కథ. మెక్సికో స్వతంత్రమయ్యాక యుకటాన్ దొరలు చెరకు తోటల కోసం మాయా ఊళ్ల ఉమ్మడి భూములను ఆక్రమిస్తూ పోయారు. తమ అంతర్గత కొట్లాటల్లో మాయా రైతుల చేతికే తుపాకులిచ్చి, పన్నులు తగ్గిస్తామని, భూములిస్తామని ఆశపెట్టి, మాట తప్పారు. 1847 జులై 26న మాయా నాయకుడు మాన్వెల్ ఆంతోనియో ఆయ్‌ను వయాదోలిద్ పట్టణంలో కాల్చి చంపారు. నాలుగు రోజులకు మరో మాయా నాయకుడు సెసీలియో చి మనుషులు తెపిచ్ ఊరి మీద పడ్డారు. మరుసటి ఏడాది నడుమకు ద్వీపకల్పంలో ఎక్కువ భాగం తిరుగుబాటుదారుల చేతికి వచ్చింది, మెరిదా కూడా నేడో రేపో అన్నట్టుంది. అప్పుడు ముట్టడి సడలింది. ఎందుకన్నదానికి ఒక కథ ప్రచారంలో ఉంది: మన పల్లెల్లో తొలకరికి ఉసుళ్లు లేచినట్టు అక్కడ రెక్కల చీమలు లేచాయని, అవి కనిపిస్తే మొక్కజొన్న విత్తే అదను వచ్చినట్టేనని, దాంతో రైతు సైనికులు పొలాల దారి పట్టారని. ఇది ఎంతవరకు నిజమైనా, ఆ సైన్యం ఎవరిదో మాత్రం ఈ ఒక్క కథలో తెలిసిపోతుంది.

వెనక్కు తగ్గినవారు తూర్పు అడవుల్లో ఒక సెనోటే దగ్గర చేరారు. 1850లో అక్కడ ఒక శిలువ మాట్లాడిందని, పోరాడమని ఆజ్ఞాపించిందని నమ్మారు. ఆ శిలువ చుట్టూ లేచిన చాన్ సాంతా క్రూజ్ పట్టణం అర్ధశతాబ్దం పాటు మెక్సికోకు లొంగలేదు. దక్షిణాన ఉన్న బ్రిటిష్ హోండురాస్ (నేటి బెలీజ్) వర్తకులు వారికి తుపాకీమందు అమ్మేవారు. 1893లో బ్రిటన్, మెక్సికోలు సరిహద్దు ఒప్పందం చేసుకోవడంతో ఆ దారి మూసుకుపోయింది. 1901లో మెక్సికో సైన్యంతో జనరల్ ఇగ్నాసియో బ్రావో పట్టణంలోకి ప్రవేశించాడు. మరుసటి ఏడాది నవంబరులో యుకటాన్ నుంచి తూర్పు భాగాన్ని విడగొట్టి కింటానా రో అనే కేంద్రపాలిత ప్రాంతాన్ని ఏర్పాటు చేశారు. అంతకు ముందే యుద్ధానికి భయపడి శరణార్థులు సముద్రం దాటి దీవులకు చేరారు. కాంకున్ నుంచి ఇప్పుడు సరదాగా ఫెర్రీ ఎక్కి వెళ్లే ఇస్లా ముహేరెస్‌లో ఊరు అలా కట్టిందే. ప్రధాన తీరం మాత్రం చూయింగ్ గమ్‌కు వాడే చిక్లే పాలు గీసేవారూ, కొబ్బరి తోటల కాపలాదారులూ తప్ప మనిషి జాడలేని నేలగా మిగిలిపోయింది.

1960ల చివర్లో విదేశీ మారకం కోసం వెతుకుతున్న మెక్సికో కేంద్ర బ్యాంకు అధికారులకు ఈ నేల కంటబడింది. జనం లేరు, భూమి చాలావరకు ప్రభుత్వ అదుపులో ఉంది, రాష్ట్ర హోదా లేదు కాబట్టి అడ్డుచెప్పే స్థానిక ప్రభుత్వమూ లేదు. యుద్ధం మిగిల్చిన ఈ మూడూ ప్రణాళికా కాగితాల మీద అనుకూలతలుగా మారాయి. పనులు 1970లో మొదలయ్యాయి. 1974లో కింటానా రో రాష్ట్రమైంది, ఆ దరిదాపుల్లోనే తొలి హోటళ్లు తెరుచుకున్నాయి. ఇసుక మేటలను ఎత్తుచేసి హోటళ్ల వరుసను సముద్రం వైపూ, ఉద్యోగుల నగరాన్ని లోపలి నేల మీదా గీశారు. రాళ్లెత్తడానికి, తర్వాత గదులు ఊడవడానికి యుకటాన్ లోపలి ఊళ్ల నుంచి మాయా కుటుంబాలు వచ్చాయి. యాభై ఏళ్లలో నగర జనాభా దాదాపు 9 లక్షలకు చేరింది.

1990ల్లో దక్షిణపు తీరాన్ని రివియెరా మాయా అన్న వ్యాపార నామంతో అమ్మడం మొదలైంది. అదే కాలంలో, 1992లో, రాజ్యాంగ సవరణ ద్వారా గ్రామ ఉమ్మడి భూముల అమ్మకానికి దారి తెరిచారు. తులుమ్ చుట్టూ భూముల ధరలు, తగాదాలు రెండూ పెరగడానికి ఇదొక ముఖ్య కారణం. సంస్కృతి పేరిట చూపించేవాటినీ కాస్త అనుమానంతో చూడాలి: తులుమ్ ద్వారం దగ్గర ఎత్తైన స్తంభం నుంచి తాళ్లకు వేలాడుతూ తిరిగే విన్యాసం అసలు మాయా వారిదే కాదు, వేరే తీరానికి చెందిన వెరాక్రూజ్ తోతొనాకులు దానికి పేరుపొందినవారు. బీచ్‌లు మాత్రం చట్టప్రకారం జాతి ఆస్తి, అందరివీ. రిసార్టు ముందు ఇసుక మీద నడిచేవారిని ఆపే హక్కు రిసార్టుకు లేదు, కాకపోతే రోడ్డు నుంచి ఇసుక దాకా వెళ్లే తోవే చాలాచోట్ల దొరకదు. 2023 డిసెంబరులో నడవడం మొదలుపెట్టిన మాయా రైలు చుట్టూ రేగిన వివాదం కూడా ఈ కోవలోదే: కాంకున్, తులుమ్ మధ్య దారి కోసం అడవిని నరికి, నీటి గుహల కప్పులు చీల్చుకుంటూ ఉక్కు స్తంభాలు దింపారు.

ఆహారం విషయంలో మోసం తక్కువ. పంది మాంసానికి జాఫ్రా గింజల ముద్ద, పుల్ల నారింజ రసం పట్టించి, అరటి ఆకుల్లో చుట్టి, నేలలో తవ్విన గుంతలో రాత్రంతా ఉడికించే కొచినీతా పిబిల్ యుకటాన్ ఇళ్లలో నిజంగా వండుకునే వంట. మన విశాఖ ఏజెన్సీలో గిరిజనులు పండించే జాఫ్రా పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణమండలమే. ఒక రోజు మిగిలితే వయాదోలిద్ నుంచి దక్షిణంగా కారులో వెళ్లవచ్చు. ఆ రోడ్డు మీదే తెపిచ్, ఆ తర్వాత తిహోసుకో తగులుతాయి. తిహోసుకోలో యుద్ధంలో ముందుగోడ కూలిన చర్చిని అలాగే ఉంచి ఇప్పటికీ ప్రార్థనలు చేస్తున్నారు, దగ్గర్లోనే ఆ యుద్ధం మీద మ్యూజియం ఉంది. అదే రోడ్డు చివరికి ఫెలిపే కారియో ప్వెర్తో చేరుతుంది. ఒకప్పటి చాన్ సాంతా క్రూజ్ అదే, శిలువ మందిరానికి ఈనాటికీ మాయా కాపలాదారులు వంతులవారీగా పక్క ఊళ్ల నుంచి వస్తుంటారు. లోపలికి వెళ్లాలంటే చెప్పులు విప్పాలి, ఫొటోలు తీయకూడదు.