ఎలక్ట్రానిక్ సంగీతంలో కార్డ్‌లు, బ్రిడ్జ్: కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: నాలుగు కార్డ్‌ల (chord, అంటే కలిపి పలికించే స్వరాల గుంపు) లూప్, అంటే మళ్లీ మళ్లీ తిరిగే వరుస, విసుగు పుట్టిస్తే కొత్త కార్డ్‌లు చేర్చాలి.

వాస్తవం: చాలాసార్లు విసుగు పుట్టించేది కార్డ్‌ల సంఖ్య కాదు, ప్రతి కార్డ్ సరిగ్గా ఒక్కో బార్ (నాలుగు బీట్ల కొలత) నిలిచి, దాని మూలస్వరమే బేస్‌లో (అన్నిటికన్నా కింద మోగే స్వరంలో) కూడా మోగడం. ఏ మైనర్ (A minor), ఎఫ్ (F), సి (C), జి (G) అనే పాత వరుసలోనే ఎఫ్‌ను అర బార్ ముందుకు తెచ్చి, రెండో ఆవృత్తిలో జిని మానేసి వినండి. పైన ఏ (A), సి (C), ఈ (E) అనే స్వరాలను కదలకుండా ఉంచి బేస్‌ను మాత్రం ఎఫ్‌కు దించితే, అదే ఎఫ్ మేజర్ సెవెంత్ అవుతుంది.

అపోహ: ఒకే ఆకారపు కార్డ్‌ను పైకీ కిందికీ జరపడం సంగీతం రానివారి పని.

వాస్తవం: 1981లో వచ్చిన కోర్గ్ పాలీసిక్స్ అనే సింథసైజర్‌లో ఒక కార్డ్‌ను గుర్తుంచుకొని, తరువాత ఏ మెట్టు నొక్కినా అదే ఆకారాన్ని ఆ స్థాయిలో పలికించే ఏర్పాటు ఉంది. హౌస్, టెక్నో అనే ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీత శైలులలో వినిపించే సమాంతర మైనర్ కార్డ్‌లు ఇటువంటి పద్ధతికి చెందినవే. స్కేల్‌లో లేని స్వరాలు దొర్లుతాయన్నది నిజమే. ఆ రంగు వాటివల్లనే వస్తుంది.

అపోహ: బ్రేక్‌డౌన్ (పాట మధ్యలో తాళం పలచబడే భాగం) ఉంటే బ్రిడ్జ్ (పాట మధ్యలో వేరే దారి పట్టే భాగం) ఉన్నట్టే.

వాస్తవం: బ్రేక్‌డౌన్‌లో తగ్గేవి డ్రమ్స్, బేస్; కార్డ్‌లు మాత్రం అవే కొనసాగవచ్చు. బ్రిడ్జ్‌లో మారవలసింది స్వరాల దారి. 128 బీపీఎం (నిమిషానికి 128 బీట్లు) వేగంలో 16 బార్లు సరిగ్గా 30 సెకన్లు, ఆ అర నిమిషం పాటు ఏ మైనర్ (A minor) మీద వాలకుండా ఉండగలిగితేనే డ్రాప్‌లో, అంటే బీట్ మళ్లీ పూర్తిగా పడే చోట, అది తిరిగి వచ్చినప్పుడు బరువు తెలుస్తుంది. ఏ (A) స్వరాన్ని షడ్జంగా తీసుకుంటే పై లూప్ మొత్తం నఠభైరవి రాగ స్వరాలలోనే ఉంటుంది. బ్రిడ్జ్‌ను డి మేజర్‌తో మొదలుపెడితే ఎఫ్ షార్ప్, అంటే చతుశ్రుతి ధైవతం, ప్రవేశించి ఖరహరప్రియ స్వరాలు ఏర్పడతాయి. చివరి రెండు బార్లలో ఈ మేజర్ (E major) పెడితే జి షార్ప్, అంటే కాకలి నిషాదం, కీరవాణిని గుర్తుచేస్తూ వినేవారి చెవిని షడ్జం వైపు లాగుతుంది. (గమకాలు లేనిదే రాగం కాదని విద్వాంసులు అంటారు, ఒప్పుకుంటాను, ఇక్కడ మనకు కావలసినవి స్వరస్థానాలు మాత్రమే.) రెండు చోట్లా మారింది ఒక్కొక్క స్వరమే గనుక పాట దారి తప్పినట్టు అనిపించదు.

అపోహ: బ్రిడ్జ్ ఉన్న పాటను డీజేలు మిక్స్ చేయలేరు.

వాస్తవం: వారు సాధారణంగా కలిపేది మొదట్లోనూ చివర్లోనూ ఉండే డ్రమ్స్ భాగాలను. మధ్యలో కార్డ్‌లు ఎటు వెళ్లినా, 8 లేదా 16 బార్ల లెక్క తప్పకపోతే చాలు.