ఎస్ఎంపీఎస్ ఎప్పుడు మార్చాలి? అపోహలు - వాస్తవాలు

సర్వీసుకు వచ్చే డెస్క్‌టాప్‌లలో చాలావాటికి అప్పటికే ర్యామ్ మార్చి, విండోస్ రెండుసార్లు వేయించి ఉంటారు. ఎస్ఎంపీఎస్‌ను ఎవరూ అనుమానించరు. ఇంటి కరెంటును కంప్యూటర్ భాగాలకు కావాల్సిన తక్కువ వోల్టుల డీసీగా మార్చి ఇచ్చే డబ్బా అది. పోతే కొత్తది వేసుకోవచ్చు, కానీ పోతూ పోతూ బోర్డునో హార్డ్ డిస్క్‌నో పట్టుకుపోతే అందులో ఉన్న ఫొటోలు, లెక్కలు ఎవరు తెచ్చిస్తారు? అందుకే ఈ నాలుగు మాటలు.

అపోహ: ఆన్ అవుతోందంటే బాగున్నట్టే.

ఎస్ఎంపీఎస్ చాలాసార్లు ఒక్క రోజులో పాడవదు. లోపలి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లలో ఉండే ద్రవం ఏళ్ల తరబడి వేడికి ఆరిపోతూ వస్తుంది. దాంతో కరెంటు నిల్వ ఉంచుకునే శక్తి తగ్గుతుంది, బయటికి వెళ్లే డీసీలో అలజడి, అంటే వోల్టేజీ హెచ్చుతగ్గులు, పెరుగుతుంది. దీని జాడ మన ఇళ్లలో ముందుగా కనిపించేది కరెంటు పోయినప్పుడే. ఇన్‌పుట్ ఆగిపోయాక కూడా ఓ 16, 17 మిల్లీసెకన్ల పాటు ఎస్ఎంపీఎస్ సిస్టమ్‌ను నిలబెట్టాలి. ఇన్వర్టర్ అందుకునేది ఆ సందులోనే. మొన్నటిదాకా కరెంటు పోయినా కదలకుండా నడిచిన సిస్టమ్ ఇప్పుడు ప్రతిసారీ రీస్టార్ట్ అవుతోందా? ముందు ఇన్వర్టర్, కరెంటు పోగానే త్వరగా అందుకునే యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూడండి. తర్వాత అదే ప్లగ్గుకు ఇంకో డెస్క్‌టాప్ పెట్టి చూడండి. అది నిలబడి మీది పడిపోతే, నేనైతే మారుస్తాను.

గేమ్ మధ్యలో బ్లూ స్క్రీన్ కూడా రాకుండా టక్కున ఆగిపోవడం, పొద్దున్నే మొదటిసారి బటన్ నొక్కితే స్పందించకపోవడం, కాలిన వాసన... ఇవి కూడా అనుమానించాల్సినవే. వాసన వస్తే మాత్రం ఇక పరీక్షలు వద్దు, వెంటనే ప్లగ్ పీకేయండి.

అపోహ: ఐదేళ్లు దాటితే మార్చెయ్యాలి.

ఏళ్ల లెక్క ఒక్కటే చూస్తే సరిపోదు. కెపాసిటర్ వేడి 10 డిగ్రీలు తగ్గితే దాని ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది. మంచి యూనిట్లలో 105 డిగ్రీల రేటింగ్ ఉన్నవి వేస్తారు, 7 నుంచి 10 ఏళ్ల వారంటీ ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి. అదే క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చిన ఎస్ఎంపీఎస్ అయితే, మే నెలలో రామగుండం ఎండకు రేకుల గదిలో రోజంతా నడుస్తుంటే ఐదేళ్ల దాకా ఆగడం కూడా నాకు ఇష్టం ఉండదు. మంచి యూనిట్‌ను వారంటీ అయ్యేదాకా, లక్షణాలేవీ కనిపించకపోతే, కదిలించనక్కర్లేదు. వారంటీ అయిపోయి, ఆ సిస్టమ్ మీద షాపు బిల్లింగ్ లాంటి ఆగకూడని పని నడుస్తుంటే, తీరిక చూసుకుని ముందే మార్చుకోండి.

అపోహ: పైన 450 వాట్లని రాసుంది కదా, గ్రాఫిక్స్ కార్డుకు సరిపోతుంది.

లేబుల్ మీద 12 వోల్టుల గడి చూడండి. అక్కడ 16 ఆంపియర్లని ఉంటే 12 వోల్టుల మీద అది ఇచ్చేది 192 వాట్లే. ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు బతికేది ప్రధానంగా ఆ లైను మీదే. పాత ఎస్ఎంపీఎస్‌కు కొత్త కార్డు తగిలించే రోజే దాన్ని మార్చాల్సిన రోజు.

అపోహ: క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోంది, ఎస్ఎంపీఎస్ పోయినట్టే.

చాలాసార్లు తప్పు ఎర్తింగ్‌ది. ఇన్‌పుట్ ఫిల్టర్‌లో ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు బాడీకి కలిసి ఉంటాయి. వాటి గుండా వచ్చే కొద్దిపాటి కరెంటు ఎర్త్‌లోకి పోవాలి. ఎర్త్ లేకపోతే 230లో సగం, అంటే 115 వోల్టుల దాకా బాడీ మీద తేలుతుంది. కొత్త ఎస్ఎంపీఎస్ వేసినా అదే జివ్వు. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మూడో పిన్ను సంగతి చూపించండి. గట్టిగా షాక్ కొడితే అది వేరే సంగతి, వెంటనే మెయిన్ కట్టేయండి.

అపోహ: బోర్డుకు వెళ్లే ప్లగ్గులో ఆకుపచ్చ వైరు, నల్ల వైరు కలిపితే ఫ్యాన్ తిరిగింది, కాబట్టి మంచిదే.

అది ఆన్ అవుతోందని మాత్రమే తెలుస్తుంది. లోడు లేనప్పుడు ముసలి యూనిట్ కూడా బుద్ధిగానే ఉంటుంది. సిస్టమ్ మీద బరువైన పని నడుస్తుండగా పసుపు వైరు (12 వోల్టులది) మీద మల్టీమీటర్ పెట్టించండి. 11.4 కంటే కిందికి జారినా, 12.6 దాటినా మార్చాల్సిందే. ఆ మధ్యలో ఉంటే పూర్తిగా బాగున్నట్టు కూడా కాదు. 12 వోల్టుల లైనులో అలజడి 120 మిల్లీవోల్టులు దాటకూడదు, దాన్ని చూడాలంటే ఆ హెచ్చుతగ్గులను తెర మీద గీసి చూపే ఆసిలోస్కోప్ కావాలి. అది లేనిచోట నమ్మకమైన ఇంకో ఎస్ఎంపీఎస్ తగిలించి రెండు మూడు రోజులు నడిపి చూడటమే దారి. దుమ్ము దులపడానికని డబ్బా మాత్రం విప్పకండి, ప్లగ్ తీశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్లో 300 వోల్టులు దాటిన చార్జ్ ఉండిపోవచ్చు.

అపోహ: ఎక్కువ వాట్లది వేస్తే కరెంటు బిల్లు పెరుగుతుంది.

పెరగదు. సిస్టమ్‌కు ఎంత కావాలో అంతే లాగుతుంది.

అపోహ: మాడ్యులర్ యూనిట్ (కేబుళ్లు ఊడదీసి తగిలించుకునేది) మార్చేటప్పుడు పాత కేబుళ్లు అలాగే ఉంచొచ్చు.

డ్రైవ్ వైపు కనెక్టర్ అందరిదీ ఒకటే. ఎస్ఎంపీఎస్ వైపు పిన్నుల వరస మాత్రం కంపెనీ కంపెనీకీ మారుతుంది, ఒక్కోసారి ఒకే కంపెనీ మోడళ్లలోనూ మారుతుంది. 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వెళ్తే ఎస్ఎస్‌డీ ఆ క్షణమే పోతుంది. ప్లగ్గు పట్టింది కదా అని నమ్మొద్దు. పాత యూనిట్‌తో పాటే దాని కేబుళ్లన్నీ తీసి, అదే కవర్లో కట్టి పెట్టండి.